పదిన్నర గంటల తేడా

ఆ సోమవారం పొద్దున ఆకాశం సున్నం వెయ్యని గోడలా ఉంది. మబ్బు ఎక్కడ మొదలయిందో, ఎక్కడ అయిపోయిందో తెలియలేదు. వాన పడేట్టూ లేదు, వెలిసేట్టూ లేదు. తూర్పున చెట్ల నెత్తిన మాత్రం సన్నటి గీత ఒకటి తెల్లబడింది. ముందురోజు ఆదివారం ఈ అమెరికాలో గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పారు. నవంబరు మొదటి ఆదివారం ఏటా తిప్పుతారు. అందుకని ఆరున్నరకే వెలుతురొచ్చింది. శుక్రవారం అదే వేళకి లైట్లు వేసుకుని కారు నడిపాను.

డేల్ ఆరుంబావుకి ఫోన్ చేశాడు. డేల్ మా హేచరీ మేనేజరు. మామూలుగా అయితే చలి ఎట్లా ఉందో ఒక మాట, ఇంట్లో అందరూ బాగున్నారా అని ఒక మాట అని అప్పుడు పనిలోకి వస్తాడు. ఆ రోజు అవేం లేవు. ఫణిని తీసుకుని వెంటనే రమ్మన్నాడు. పెట్టేశాడు.

మా ఆవిడ లక్ష్మీకాంతం కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి ఏమయిందంది. తెలియదన్నాను. "ఈయన నోరు విప్పాలంటే కరెంటు పోవాలి. ఈ దేశంలో కరెంటూ పోదు, నా ఖర్మ" అని గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. కాఫీ సగమే తాగాను.

ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో మా కాపురం. ఫణి వాళ్ళ అపార్ట్‌మెంటు మా ఇంటికి రెండు సిగ్నళ్ళ దూరం. కింద నిలబడి ఉన్నాడు. ముప్పైనాలుగేళ్ళ మనిషి, సిరిసిల్ల వైపు. నాలుగేళ్ళ కిందట డాలస్‌లో ఎవరి పెళ్ళిలోనో పరిచయం. మా హేచరీకి యాప్ రాసేవాడు కావాలని డేల్ అడిగినప్పుడు నేనే అతని పేరు చెప్పాను.

ఆ ఏడాది అతని వీసా పొడిగించాల్సి వచ్చింది. పొడిగించాలంటే, ఈయన మా దగ్గర పని చేస్తున్నాడు, ఇంకా మూడేళ్ళు మాకు కావాలి అని డేల్ సంతకంతో ఉత్తరం ఉండాలి. శుక్రవారం లోపల లాయరుకి అందకపోతే ఫణి, భార్య స్పందన, ఒకటో క్లాసు చదివే నైనిక, ముగ్గురూ సామాను సర్దుకోవాలి. యాప్ నెల రోజులు తప్పు లేకుండా నడిస్తే సంతకం పెడతానని డేల్ అక్టోబరులోనే చెప్పాడు. నెల ఆ సోమవారానికి నిండుతుంది.

కారెక్కి బెల్టు పెట్టుకున్నాక ఏమయిందంట అన్నా అని అడిగాడు. చెప్పలేదన్నాను. హేచరీ ఇరవై మైళ్ళు. దారి పొడుగునా పశువుల బీళ్ళు, ఎండిపోయిన గడ్డి, గుండ్రంగా చుట్టి వదిలేసిన గడ్డి మోపులు. ఫణి ఫోన్ తీసి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం, అంతే.

హేచరీ అంటే కోడిగుడ్లు పొదిగించే చోటు. ఇరవయ్యొక్క రోజులు గుడ్లు మిషన్లలో ఉంటాయి. పిల్లలు బయటపడ్డాక ప్లాస్టిక్ ట్రేలలో వందేసి చొప్పున పెట్టి, వెచ్చటి గదిలో ఉంచి, లారీ రాగానే డాక్ మీదికి తెచ్చి ఎక్కిస్తారు. డాక్ అంటే లారీ వెనక్కొచ్చి ఆనుకునే అరుగు. ఒక వైపంతా తెరిచే ఉంటుంది. అక్కడ పిల్లలు అయిదు నిమిషాల కంటే ఎక్కువ ఉండకూడదు. ఒక విడతలో పొదిగిన పిల్లలు ఒక లాట్. ఏ లాట్ ఎన్ని గంటలకి ఏ లారీకి పోవాలో వెనక మార్కరుతో బోర్డు మీద రాసేవాళ్ళు. ఇప్పుడు ఫణి యాప్ చెప్తుంది. లోపల నాలుగు చోట్ల స్క్రీన్లు ఉన్నాయి. పైన టైము, కింద లాట్ల వరస. టైము అయ్యేసరికి ఆ వరస పచ్చబడుతుంది. పచ్చబడితే ట్రేలు బయటికి తోస్తారు.

పెద్ద యాప్ ఏం కాదు. రేకుల షెడ్డు, గాలివాన వస్తే ఇంటర్నెట్ పోతుంది. అందుకని బయట ఎక్కడో కాకుండా లోపలే ఒక చిన్న గదిలో సర్వర్ పెట్టి, దాని మీద నడుపుతున్నాం. సర్వర్ నాది. అంటే నేను తెచ్చి, నేను ఎక్కించి, నేను వైరు గుచ్చింది. హేచరీలో కంప్యూటర్ల పని ఎనిమిదేళ్ళుగా ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున నేను చూస్తున్నాను.

లోపలికి పోవాలంటే ఎవరయినా స్నానం చెయ్యాలి. ఫోన్, వాచీ, ఉంగరం, అన్నీ బయట లాకరులో పెట్టి వాళ్ళిచ్చిన నీలం బట్టలు తొడుక్కోవాలి. కోళ్ళకి రోగాలు రాకుండా అదొక పద్ధతి. ఫణికి ఇచ్చిన బట్టలు పెద్దవయినాయి. చొక్కా చేతులు మడుచుకుంటూ నా వెనక వచ్చాడు.

డాక్ మీద డేల్ నిలబడి ఉన్నాడు. పక్కన ట్రేలు ఆరడుగుల ఎత్తున నాలుగు వరసలు. ఇప్పుడు తెరిచిన వైపు పట్టా దించి హీటర్లు పెట్టారు. చలికి పడిన పిల్లలు ముందు గట్టిగా అరుస్తాయి. ఆ తర్వాత అరవవు. ట్రేలో మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. నేను పోయేటప్పటికి రెండు వరసల్లోంచే శబ్దం వస్తోంది. మిగతా రెండు వరసల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ట్రేలు దించి, బతికున్నవి ఒక పక్కకీ పోయినవి ఇంకో పక్కకీ తీస్తున్నారు. చేతులు గబగబా ఆడుతున్నాయి. ఎవరూ తల ఎత్తలేదు.

సంగతి డేల్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. అయిదున్నరకి రావాల్సిన లారీలు అయిదున్నరకే వచ్చాయి. డ్రైవర్ల దగ్గర ఫోన్లున్నాయి కాబట్టి వాళ్ళకి సరైన టైము తెలుసు. లోపల స్క్రీన్లు మాత్రం నాలుగున్నరకే అయిదున్నర చూపించి పచ్చబడ్డాయి. ట్రేలు బయటికొచ్చాయి. లారీ లేదు. ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని గంట సేపు చూశారు.

లోపల గోడ గడియారం ఒకటుంది. ఆదివారం లారీలు రావు, దాన్ని ఎవరూ తిప్పలేదు. అదీ గంట ముందే ఉంది. ట్రేలు తోసే ఒకామె, గోడ గడియారం మార్చలేదేమో అని అనుమానపడిందట. స్క్రీన్ కూడా అదే చెప్తోంది కదా, కంప్యూటర్ తనంతట తనే మారుతుంది కదా అని మిగతావాళ్ళు అన్నారట. రెండూ ఒకే మాట చెప్పాక ఇక ఎవరు కాదంటారు.

డేల్ ఫణి వైపు చూసి, నీ యాప్‌కి టైము తెలియదా అని అడిగాడు. గొంతు పెంచలేదు. ఉత్తరం సంగతి ఇప్పట్లో నన్నడగొద్దు అని మళ్ళీ ట్రేల వైపు తిరిగాడు.

ఫణి సంజాయిషీ చెప్పలేదు. అది నాకు వింతగా తోచింది. ఎవరయినా అంత మాట అంటే, లేదు సార్, చూస్తాను సార్ అని నోటికొచ్చింది ఏదో ఒకటి అంటారు. ఇతను నేల చూస్తూ నిలబడ్డాడు. తప్పు ఎక్కడుందో ముందే తెలిసిన మనిషి నిలబడ్డట్టు.

సర్వర్ గది బాత్‌రూమంత ఉంటుంది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి బిగించిన ఇనుప అర. నేను కుర్చీలో కూచున్నాను, ఫణి తలుపుకి ఆనుకున్నాడు. లాగిన్ అయి, టైము ఎంతో చెప్పమని మిషన్‌ని అడిగాను. సాయంత్రం ఆరూ యాభయి అంది.

ఆ అంకెల వైపు కాసేపు చూశాను. బయట పొద్దున ఏడూ ఇరవై. సాయంత్రం ఆరూ యాభయి ఎక్కడో నాకు తెలుసు. దర్శి దగ్గర మా ఊళ్ళో. అక్కడ ఇప్పుడు పాలకేంద్రం దగ్గర క్యాన్లు లారీకి ఎత్తుతుంటారు. నా సర్వర్ నెల రోజులుగా మా ఊరి టైము చూపిస్తోంది.

ఎందుకు చూపిస్తోందో కూడా వెంటనే తెలిసింది. అమీర్‌పేటలో నేను కోర్సు చేసినప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నాను. జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగులో చదివినవాణ్ణి, ఇంగ్లీషులో చెప్పింది చెప్పినట్టు నాకు నిలిచేది కాదు. తెలుగులో రాసుకుంటే నిలిచేది. సర్వర్ ఎక్కించడానికి పద్నాలుగు మెట్లు. ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వరసగా. ఏడో మెట్టు, టైమ్ జోన్, కలకత్తా. కంప్యూటర్లలో ఇండియా టైము పేరు అదే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా, ఎన్ని కొత్త మిషన్లొచ్చినా ఆ నోట్‌బుక్కు తెరిచి ఆ మెట్ల ప్రకారమే ఎక్కిస్తాను. మధ్యలో ఇక్కడికి తగ్గట్టు రెండు మూడు మారుస్తాను. ఈ సర్వర్ హేచరీలో కాదు, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎక్కించాను. ఏడో మెట్టు దగ్గర ఉండగా లక్ష్మీకాంతం కిందికి పిలిచింది. వాషర్‌లోంచి నీళ్ళు కారుతున్నాయి. పైకొచ్చి ఎనిమిదో మెట్టు నుంచి అందుకున్నాను. ఏడు మార్చడానికి మళ్ళీ వెనక్కి పోలేదు.

అయితే స్క్రీన్లు నెల రోజులు సరైన టైమే చూపించాయి. అదెట్లా. ఫణి యాప్ ఫోల్డర్లోకి పోయి కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. యాప్‌కి కావలసిన సంగతులన్నీ వరసగా రాసి ఉండే ఫైలు అది. డేటాబేస్ ఎక్కడుంది, ఏ నెంబరు మీద నడవాలి, అవన్నీ. కింద నుంచి రెండో వరసలో, సర్వర్ చెప్పిన టైములోంచి ఆరువందల ముప్పై నిమిషాలు తీసెయ్యి అని ఉంది.

ఆరువందల ముప్పై అంటే పదిన్నర గంటలు. ఎండాకాలపు లెక్క ప్రకారం మా ఊరికీ ఇక్కడికీ తేడా అంతే. ఆదివారం గంట వెనక్కి తిప్పాక ఆ తేడా పదకొండున్నర అయింది. ఫైలుకి ఆ సంగతి తెలియదు.

తల తిప్పి ఫణిని చూశాను.

"నాకు ఎరికే అన్నా. ఎక్కించిన రోజే చూసిన. టైమ్ అంత ఇండియాది వస్తుండె."

చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎట్ల చెప్తనన్నా? నన్ను తీస్కొచ్చి ఈడ కూసోవెట్టిందే మీరు. వచ్చి వారం కాలె, మీ సర్వర్ తప్పున్నదని మీ మొఖం మీద ఎట్లంట? మీ దాన్ల చెయ్యి పెట్టుడు మంచిగనిపియ్యలె. నా దాంట్లనే తీసేసుకున్న."

తిట్టాలనిపించింది. అతను చేసింది నాకు అర్థమవుతుంది, అదీ బాధ. మా నాన్న ధాన్యం తూచే కాటా దగ్గర కూచుని తూకం తప్పు చదివితే, నేనూ పక్కనుండి ఏమీ అనేవాణ్ణి కాదు. సంచి కట్టేముందు ఒక గుప్పెడు తీసో, పోసో సరిచేసేవాణ్ణి. ఆయన పోయేదాకా ఆయనకి తెలియదు. పెద్దవాళ్ళ తప్పుని అట్లా వెనక నుంచి దిద్దడమే మర్యాద అనుకుంటూ పెరిగాం అందరం. కాటా దగ్గర తప్పు ఒక సంచితోనే పోతుంది. ఇక్కడ అట్లా పోలేదు.

ఫణి రెండడుగులు దగ్గరికొచ్చాడు. "ఇంకో అరవై కలిపితే అయిపోతదన్నా. ఆరువందల తొంబై. రెండు నిమిషాల పని."

"మార్చిలో మళ్ళీ తిప్పుతారు."

"మార్చిల మళ్ళ తీసేస్త."

"మార్చికి నువ్వు ఇక్కడ ఉంటే కదా."

అతను గొంతు తగ్గించి చెప్పాడు. తన యాప్‌లో తప్పని చెప్తాడట. ఎట్లాగూ డేల్ అదే అనుకుంటున్నాడు. నా కాంట్రాక్టు ఏడాది చివర రెన్యూవల్ ఉంది, నాకు యాభయ్యొకటి, ఈ వయసులో నన్ను ఎవరు తీసుకుంటారు, తను కుర్రాణ్ణి, ఇంకో క్లయింటుని చూసుకుంటాడు. శుక్రవారం లోపల ఇంకో క్లయింటు దొరకడని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. చెప్తున్నంతసేపూ చొక్కా చేతి మడత విప్పుతూ పెడుతూ ఉన్నాడు.

నాకు గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళయింది. ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. ఇల్లు కదలక్కర్లేదు. అతనికి అన్నీ పోతాయి. ఇందులో ఆలోచించాల్సింది పెద్దగా ఏం లేదు. అయినా లేచి నిలబడటానికి కొంతసేపు పట్టింది.

ముందు పని చేశాను. సర్వర్ టైమ్ జోన్ కలకత్తా తీసి షికాగో పెట్టాను, ఆర్కన్సాలో నడిచేది ఆ టైమే. ఫణి ఫైల్లో ఆరువందల ముప్పై తీసి సున్నా పెట్టాను. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఇంకా అన్యాయం. యాప్ ఆపి మళ్ళీ నడిపాను. ఫణిని పంపించి నాలుగు స్క్రీన్లూ చూసి రమ్మన్నాను. ఏడూ నలభై ఒకటి, నాలుగింటిలోనూ సరిగ్గా ఉందని వచ్చి చెప్పాడు. అప్పుడు డాక్ మీదికి పోయాను. ఫణి రావొద్దన్నా వెనకే వచ్చాడు.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎనిమిదేళ్ళలో డేల్‌తో నేను అన్నీ చిన్న మాటలే మాట్లాడాను. మిషను నేను పెట్టానని, దానిలో గడియారం నేను తప్పు పెట్టానని చెప్పాను. ఫణి ఆ తప్పు చూసి తన యాప్‌లో సరిచేశాడని, గంట మారేసరికి ఆ సరిచేసింది సరిపోలేదని చెప్పాను. ఇప్పుడు బాగుచేశాను, మళ్ళీ రాదు అన్నాను.

డేల్ చేతిలో ఒక పిల్ల ఉంది. బతికే ఉంది. అరచేతిలో మూసి పట్టుకున్నాడు, వెచ్చగా ఉండటానికి. వింటున్నంతసేపూ దాన్ని వదల్లేదు.

"మరి నీకెందుకు చెప్పలేదు ఇతను?" అన్నాడు.

"నేను పెద్దవాణ్ణి కాబట్టి."

డేల్ నా మొహంలోకి చూశాడు. ఏదయినా ఇంకా చెప్తానేమోనని ఆగాడు.

నాలుగువందల ముప్పయ్యారు పోయాయని ట్రేల దగ్గర ఆడమనిషి వచ్చి చెప్పింది. డేల్ తలూపాడు. చేతిలో పిల్లని ఆమెకిచ్చి, మా ఇద్దర్నీ వెళ్ళి పని చూసుకోమన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి ఫణి వైపు జరిపాడు. అది ఉత్తరం, సంతకం చేసి ఉంది. ఈసారి తప్పు కనబడితే ముందు నాకు చెప్పు, ఆ తప్పు మీ నాన్నదయినా సరే అన్నాడు. ఫణి ఎస్ సార్ అన్నాడు. కాగితం వెంటనే తీసుకోలేదు. తీసుకోమని డేల్ వేలితో ఇంకొంచెం జరిపాడు.

రెండోది నాకు. వచ్చే నెల నుంచి సర్వర్లు పక్క ఊరు రోజర్స్‌లో ఉన్న ఒక కంపెనీ చూసుకుంటుందట. నా కాంట్రాక్టు ఈ నెలాఖరుదాకా. డేల్ అది చదివి వినిపించలేదు, నేనే చదువుకున్నాను. పైవాళ్ళకి ఎవరో ఒకర్ని చూపించాలి శేష్, అన్నాడు. ఎనిమిదేళ్ళుగా నన్ను శేష్ అనే పిలుస్తాడు. శేషగిరి అనడానికి అతనికి నోరు తిరగదు. చెయ్యి కలిపాడు. అతని చెయ్యి కూడా చల్లగా ఉంది. మనిషి మీద నాకు కోపం రాలేదు.

కారులో ఫణి ఉత్తరాన్ని ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. బీళ్ళలో పశువులన్నీ ఒక పక్కకే మొహాలు తిప్పి మేస్తున్నాయి. పది మైళ్ళు వచ్చాక, "అన్నా, మీకెట్ల?" అన్నాడు. లాయరుకి ఫోటో తీసి పంపావా అని అడిగాను. పంపలేదన్నాడు. పంపు అన్నాను. కారు పక్కకి ఆపాను, కదిలితే అక్షరాలు మసకబారుతాయని. అతను రెండుసార్లు తీసి, రెండోది పంపాడు. స్పందనకి ఫోన్ చేశాడు. వచ్చింది అని ఒక్క మాట చెప్పి, అటు నుంచి ఆమె ఏదో అంటుంటే వింటూ కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను బయట గడ్డి చూస్తూ కూచున్నాను.

స్పందనకి ఆ రోజు స్టోరులో సాయంత్రం షిఫ్టు. నైనికని పక్కింటివాళ్ళు చూసుకుంటారట. ఇంటికి పోయి ఒక్కడూ ఏం తింటాడులే అని మా ఇంటికే తీసుకొచ్చాను. అతను వద్దనలేదు.

లక్ష్మీకాంతం తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. ఫణికి లెటర్ వచ్చింది అన్నాను. నాకు నెలాఖరుదాకా అన్నాను. రెండూ ఒకే మాటలా వచ్చేశాయి. ఆమె ఎందుకని అడుగుతుందనుకున్నాను. కాళ్ళు కడుక్కోండి అంది.

సొరకాయ పులుసు, కందిపప్పు, అప్పడాలు. ఈ ఊళ్ళో లేత సొరకాయ దొరకడం కష్టం. ఎక్కడో సంపాదించింది. మూడు కంచాలు పెట్టింది. ఎప్పుడూ మాకు వడ్డించాక తినే మనిషి, ఆ రోజు తను కూడా కూచుంది. అన్నంలోంచి ఆవిరి లేస్తోంది.

ఫణి కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. నేను మొదలుపెట్టేదాకా అతను చెయ్యి పెట్టడు. అది నేను చూశాను. కలుపుతున్నవాణ్ణి ఆగి, నువ్వు ముందు తిను అన్నాను. అతను నా వైపూ, లక్ష్మీకాంతం వైపూ చూశాడు. ఆమె పప్పు గిన్నె అతని దగ్గరికి జరిపింది. అతను నెమ్మదిగా అన్నంలో వేలు పెట్టి, కలిపి, ఒక ముద్ద తిన్నాడు. తర్వాత నేను తిన్నాను. లక్ష్మీకాంతం లేచి ముగ్గురికీ మారు వడ్డించింది, మళ్ళీ కూచుంది. మజ్జిగ దాకా ముగ్గురం కలిసే తిన్నాం.